పైరేట్ ఓడ బొమ్మ కొనాలా? లెగో, ప్లేమొబిల్ సెట్లను ఇలా పోల్చి చూడండి

మా వాడికి ఏడేళ్లు. సముద్రపు దొంగల ఓడ కావాలని నెల రోజులు ఒకటే గొడవ. మారతహళ్లి నుంచి కమర్షియల్ స్ట్రీట్ దాకా బెంగళూరు బొమ్మల షాపులు తిరిగాక, ఏ వరసలో చూడాలో తెలిసింది.

ముందు ధర కాదు, పిల్లాణ్ని చూడండి. బొమ్మ ఇస్తే విప్పి మళ్లీ బిగిస్తాడా? లేక "నేను కెప్టెన్, నువ్వు దొంగవి" అంటూ కథలల్లుతాడా? సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

బిగించే రకమైతే లెగో, అంటే ఒకదానికొకటి అతికే ప్లాస్టిక్ ఇటుకల సెట్లు. 1989లో పైరేట్స్ సెట్లు వచ్చేదాకా లెగో బొమ్మ మనుషులందరిదీ ఒకే చిరునవ్వు. గడ్డం, కంటికి పట్టీ, చేతికి కొక్కెం, కట్టె కాలు వీటితోనే వచ్చాయి. 2020లో వచ్చిన 31109 నంబరు సెట్‌లో 1,264 ముక్కలు. వాటితోనే ఓడ, సత్రం, పుర్రె దీవి మూడూ కట్టొచ్చు, కానీ ఒకసారికి ఒక్కటే. దీవి కావాలంటే ఓడ విప్పాల్సిందే. ఈ సంగతి పిల్లలకి కొనకముందే చెప్పండి.

కథలల్లే రకమైతే జర్మనీ వాళ్ల ప్లేమొబిల్ నయం. లెగో బొమ్మ మనిషి ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు, ప్లేమొబిల్ మనిషిది 7.5. చిన్న చేతులకి బాగా పట్టు దొరుకుతుంది. బిగించే పని తక్కువ, కాబట్టి ఆట త్వరగా మొదలవుతుంది. వీళ్ల పైరేట్ ఓడలు చాలావరకు నీళ్లలో తేలుతాయి, పెట్టె మీద చూసుకోండి. ఇటుకలతో కట్టిన ఓడని టబ్బులో వేస్తే సందుల్లోంచి నీళ్లు దూరతాయి.

తర్వాత ముక్కల లెక్క. ధరని ముక్కల సంఖ్యతో భాగించి చూడటం ఇటుకల సెట్ల మధ్యే పనికొస్తుంది. ప్లేమొబిల్‌లో ఒక్కో ముక్కా పెద్దది, అక్కడ ఈ లెక్క కుదరదు.

లెగో ఇటుక పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, అందుకే దానికి అతికే ఇటుకలు వేరే కంపెనీలూ అమ్ముతున్నాయి. అలాంటిదొకటి చవగ్గా వచ్చిందని మొదట నేనే కొన్నాను. తెరచాప కర్ర గుంటలో నిలవక, ఓడని ఎత్తిన ప్రతిసారీ పక్కకి ఒరిగిపోయేది. వాడు రెండు వేళ్లతో దాన్ని పట్టుకునే ఆడుకోవడం చూస్తే మనసు చివుక్కుమంది. అన్ని చవక సెట్లూ ఇలాగే ఉంటాయనను. షాపులో విప్పిన నమూనా ఉంటే రెండు ఇటుకలు అతికించి, తలకిందులుగా ఊపి చూడండి. లేదంటే బిల్లు దాచి, ఇంట్లో ముందు ఒక్క కవరే విప్పండి.

ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి అది ఉండాలి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే ఫిరంగి గుండ్లు, కత్తులు లెక్కపెట్టి మూత ఉన్న డబ్బాలో వేయండి.

మా వాడు కథలల్లే రకం. ప్లేమొబిల్ ఓడ తెచ్చాం. ఇప్పుడది బాత్రూమ్‌లో ఎర్ర టబ్బులో తేలుతోంది.