తీసేసినా తిరిగొచ్చే యాడ్‌వేర్: మందగించిన ఇంటి కంప్యూటర్‌ను బాగుచేసే వరుస

ఇంట్లో కంప్యూటర్ మెల్లగా నడుస్తోందంటే అందరికీ మొదట గుర్తొచ్చేది వైరస్. దొరికిన యాంటీవైరస్‌లన్నీ ఎక్కించి, ఉన్న వేగం కూడా పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఈ వ్యాసం ముఖ్యంగా యాడ్‌వేర్ గురించి, అంటే అడగకపోయినా ప్రకటనలు చూపే ప్రోగ్రామ్‌ల గురించి. యాడ్‌వేర్ ఒక్కచోట కూర్చోదు. ప్రోగ్రామ్‌గా ఒకచోట, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌గా (బ్రౌజర్‌కు తగిలించే అదనపు ముక్క) ఇంకోచోట, గంటకోసారి నిద్రలేచే టాస్క్‌గా మరోచోట ఉంటుంది. ఒకటి పీకితే మిగిలినవి దాన్ని మళ్లీ తెచ్చి నాటుతాయి. కాబట్టి ఏ టూల్ వాడామన్నదాని కంటే ఏది ముందు తీశామన్నదే ముఖ్యం. కింద చెప్పినవన్నీ విండోస్ 10, 11కు వర్తిస్తాయి. మెనూ పేర్లు తెరమీద కనిపించే ఇంగ్లిష్ పేర్లే, తెలుగు అక్షరాల్లో.

అసలు ఇది వైరస్సేనా?

కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పైన సీపీయూ, మెమరీ, డిస్క్ అనే గడులుంటాయి. ఏ గడి మీద నొక్కితే దాన్ని ఎక్కువగా వాడేది పైకొస్తుంది.

సీపీయూ పది శాతం కూడా లేదు, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర నిలబడిపోయిందంటే అనుమానించాల్సింది పాత హార్డ్ డిస్క్‌ను. అప్‌డేట్లు, సెర్చ్ ఇండెక్సింగ్, డిఫెండర్ (విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్) స్కాన్ ఒకేసారి మీద పడితే తిరిగే పళ్లెం ఉన్న డిస్క్ తట్టుకోలేదు. దీనికి ఎన్ని క్లీనర్లు వాడినా వృథా. తిరిగే పళ్లెం లేని, వేగమైన 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయిస్తే సరిపోతుంది. మెమరీ 85, 90 శాతం దాటి, ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 జీబీ చేయించండి. సీ డ్రైవ్‌లో 15, 20 జీబీ అయినా ఖాళీ లేకపోతే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయండి.

ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా సీపీయూ 60 శాతం పైన ఉంటే మాత్రం అనుమానించాలి. ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. ఫైలు విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్ 32లో ఉంటే చాలావరకు విండోస్‌దే. యాప్‌డేటా, టెంప్ ఫోల్డర్లలో అర్థం లేని అక్షరాల పేరుతో ఉంటే మంచిది కాదు. ఇంకో ఆనవాలు: ఫ్యాన్ హోరున తిరుగుతుంటుంది, టాస్క్ మేనేజర్ తెరవగానే చల్లబడుతుంది, మూసేస్తే మళ్లీ మొదలు. మీ కరెంటుతో ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే మైనర్లలో కొన్ని, టాస్క్ మేనేజర్ తెరిచారని పసిగట్టి పని ఆపేస్తాయి. వీటికి కింద చెప్పే ఆఫ్‌లైన్ స్కానే మందు.

కుడివైపు కింద మూలలో ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు’ అని హెచ్చరికలు

చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ, అన్నింట్లోకీ తేలికైనది ఇదే. చాలాసార్లు కంప్యూటర్‌లో వైరస్ ఏమీ ఉండదు. సినిమా డౌన్‌లోడ్ సైటులోనో, దొంగ క్రికెట్ లైవ్‌లోనో ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అంటే ఎవరో నొక్కారు. అది ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపుకునే అనుమతి.

క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకు వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో తెలియని పేర్లన్నీ తీసేయండి. ఆ పక్కనే సైట్లేవీ నోటిఫికేషన్ అడగకుండా చేసే ఆప్షన్ ఉంటుంది, ఇంట్లో పిల్లలు వాడే కంప్యూటర్ అయితే దాన్నే ఎంచుకోండి. ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలోనూ ఇలాంటి జాబితా ఉంది. ఆ హెచ్చరిక మీద నొక్కి అది ఇచ్చే ‘క్లీనర్’ దించుకున్నారంటే మాత్రం లేని జబ్బు కొనితెచ్చుకున్నట్టే.

సెర్చ్ ఇంజిన్, హోమ్ పేజీ మారిపోయాయి. ఏది నొక్కినా వేరే పేజీ వస్తోంది

ఇది బ్రౌజర్ హైజాకర్. ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్, వీడియో డౌన్‌లోడర్ లాంటివి ఎక్కించేటప్పుడు చదవకుండా ‘నెక్స్ట్, నెక్స్ట్’ కొట్టుకుంటూ పోతే పక్కవాయిద్యంలా ఇదీ వచ్చేస్తుంది. తలుపు మనమే తీశాం కాబట్టి యాంటీవైరస్ కూడా చాలాసార్లు చూసీచూడనట్టు ఊరుకుంటుంది. ఈ వరుస తప్పకండి.

మొదట ప్రోగ్రామ్. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి (విండోస్ 10లో యాప్స్ అండ్ ఫీచర్స్) తేదీల వారీగా పేర్చండి. గొడవ మొదలైన రోజు చుట్టుపక్కల వచ్చిన తెలియని వాటిని అన్ఇన్‌స్టాల్ చేయండి. నేరుగా ఫోల్డర్ డిలీట్ చేయొద్దు. ఫోల్డర్ పోయినా దాని టాస్కులు, సర్వీసులు మిగిలిపోతాయి. అన్ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘నిజంగా వెళ్లిపొమ్మంటారా’ అంటూ బటన్లు తారుమారు చేసి మభ్యపెట్టే తెరలు వస్తాయి, నిదానంగా చదివి నొక్కండి.

రెండోది సింక్. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. క్రోమ్‌లో గూగుల్ ఖాతాతో సింక్ (బ్రౌజర్ సెట్టింగ్‌లు, ఎక్స్‌టెన్షన్లు ఖాతాలో దాచి అన్ని కంప్యూటర్లకూ పంచే ఏర్పాటు) నడుస్తుంటే, ఇక్కడ తీసిన ఎక్స్‌టెన్షన్ ఖాతాలోంచి మళ్లీ దిగుతుంది. ఆ ఖాతా వాడే కంప్యూటర్లన్నింట్లో సింక్ ఆపి, ప్రతిదాంట్లోనూ ఎక్స్‌టెన్షన్ తీసేశాకే మళ్లీ ఆన్ చేయండి.

మూడోది ఎక్స్‌టెన్షన్లు. తెలియనివన్నీ రిమూవ్ చేయండి. రిమూవ్ బటన్ లేకుండా, మూడు చుక్కల మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని కనిపిస్తే, ఎవరో మీ బ్రౌజర్ మీద ఆఫీసు పాలసీ లాంటిది పెట్టారన్నమాట. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అది మామూలే, అక్కడ చేయిపెట్టకండి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇలాంటి పాలసీ పెడతాయి. సొంత కంప్యూటర్‌లో అలాంటిదేమీ లేకుండా కనిపిస్తే మాత్రం అది హైజాకర్ పనే.

నాలుగోది యాడ్‌డబ్ల్యూక్లీనర్, యాడ్‌వేర్‌ను వెతికి తీసే టూల్. ఇది ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. 2016 నుంచి మాల్వేర్‌బైట్స్ సంస్థ చేతిలో ఉంది. ఆ సంస్థ సైటు నుంచే దించుకోండి. సెర్చ్‌లో అన్నింటికన్నా పైన ‘స్పాన్సర్డ్’ అని వచ్చేది నొక్కొద్దు, మందు పేరుతో విషం అమ్మేవాళ్లు అక్కడే కూర్చుంటారు. స్కాన్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దొరికిన వాటిని క్వారంటైన్ చేసి (నడవకుండా విడిగా బంధించి) రీస్టార్ట్ ఇవ్వండి. ‘ప్రీఇన్‌స్టాల్డ్ సాఫ్ట్‌వేర్’ అని విడిగా చూపేవి ల్యాప్‌టాప్ కంపెనీవి, వాటిని తీయడం మీ ఇష్టం.

ఆ తర్వాత కూడా పాలసీ పోకపోతే విండోస్ రెజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లన్నీ దాచుకునే చోటు) లోకల్ మెషిన్, కరెంట్ యూజర్ రెండింటి కిందా సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ అనే శాఖ వెతకండి. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, తర్వాతే ఆ క్రోమ్ శాఖను తొలగించండి. రెజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పనీ తెలిసినవాళ్లతో చేయించుకోవడం నయం.

చివరగా క్రోమ్ సెట్టింగ్స్‌లో ‘రీసెట్ సెట్టింగ్స్’. బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు పోవు; ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, సైట్లలో మళ్లీ లాగిన్ కావాలి. డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్‌నూ రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ గడి చూడండి. క్రోమ్ ఈఎక్స్‌ఈ అన్న తర్వాత ఏదైనా సైటు అడ్రసు తగిలించి ఉంటే చెరిపేయండి. హోమ్ పేజీ ఎన్నిసార్లు మార్చినా అదే రావడానికి కొన్నిసార్లు ఆ తోకే కారణం.

ఎవరూ ముట్టుకోకపోయినా ప్రకటనల ట్యాబ్ తెరుచుకుంటోంది

ఇదివరకు తీసేసిన యాడ్‌వేర్ వదిలిపోయిన గడియారం ఇది. స్టార్ట్‌లో టాస్క్ షెడ్యూలర్ అని వెతికి తెరిచి, ఎడమవైపు ‘టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ’ మీద నొక్కండి. ఒక్కో టాస్క్ ‘యాక్షన్స్’ ట్యాబ్‌లో ఏం నడుపుతుందో ఉంటుంది. బ్రౌజర్ పేరు పక్కన సైటు అడ్రసు, లేదా యాప్‌డేటాలోని తెలియని ఫైలు కనిపిస్తే ముందు డిజేబుల్ చేయండి. రెండు రోజులు చూసి, ట్యాబ్ రాకపోతే డిలీట్ చేయండి. మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ లోపలి వాటి జోలికి పోవద్దు. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితా కూడా ఇదే ఊపులో చూసేయండి.

డిఫెండర్‌కు ఏమీ దొరకడం లేదు, జబ్బు మాత్రం తగ్గలేదు

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, విండోస్ యాక్టివేటర్ (కొనకుండానే విండోస్‌ను అసలుదిలా చేసే టూల్) ఎప్పుడైనా ఎక్కించి ఉంటే ఇక్కడ చూడాలి. వాటితోపాటు వచ్చే సూచనల్లో మొదటిదే ‘యాంటీవైరస్ ఆపేయండి’. కొన్ని అంతటితో ఆగవు, తమ ఫోల్డర్‌ను స్కాన్ చేయొద్దని డిఫెండర్‌కే చెప్పి పెడతాయి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ‘ఎక్స్‌క్లూజన్స్’. మీరు పెట్టనివి, మరీ ముఖ్యంగా సీ డ్రైవ్ మొత్తం అని ఉంటే, తీసేయండి.

తర్వాత తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని, అక్కడే స్కాన్ ఆప్షన్స్‌లో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే సుమారు 15 నిమిషాలు వెతుకుతుంది. నడుస్తున్నప్పుడు దాక్కునే మాల్వేర్ ఇంకా నిద్రలేవని సమయం అది. ఫలితం ‘ప్రొటెక్షన్ హిస్టరీ’లో ఉంటుంది. యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ కూడా ఆన్ చేయండి, యాడ్‌వేర్ విషయంలో డిఫెండర్ చూసీచూడనట్టు పోవడం తగ్గుతుంది. ఒకేసారి రెండు బయటి యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి, అవి ఒకదాన్నొకటి స్కాన్ చేసుకుంటూ కూర్చుంటాయి. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీఈఆర్‌టీ-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులోనూ, బాట్‌లను (దూరం నుంచి వేరొకరు నడిపే మాల్వేర్) తొలగించే ఉచిత టూల్స్ ఉన్నాయి.

అంతా శుభ్రం చేశాక నెట్ పోయింది

వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది, పేజీ ఒక్కటీ తెరుచుకోదు, ప్రాక్సీ (నెట్‌కు, మీ కంప్యూటర్‌కు మధ్య నిలబడే దారి) గురించి ఏదో ఎర్రర్ వస్తుంది. యాడ్‌వేర్ మీ వెబ్ రాకపోకలన్నీ తన గుండా మళ్లించుకుని మధ్యలో ప్రకటనలు దూర్చేది. ఇప్పుడు అది పోయింది, దారి మాత్రం ఇంకా అటే ఉంది. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీలో ‘మాన్యువల్ ప్రాక్సీ’ ఆఫ్ చేయండి. అక్కడ 127.0.0.1 (అంటే మీ కంప్యూటరే) అనే అడ్రసు ఉంటే అది చాలావరకు యాడ్‌వేర్ పెట్టిందే.

అదే వైఫైలో ఉన్న ఫోన్లోనూ పేజీలు పక్కదారి పడుతుంటే తప్పు రూటర్‌లో ఉంది. ఎవరో అందులోని డీఎన్‌ఎస్ (సైటు పేరును దాని అడ్రసుగా మార్చే ఏర్పాటు) మార్చి ఉండొచ్చు. ఈ ఎత్తు పాతదే. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ నడిపిన ఎస్టోనియా ముఠాను 2011 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దర్యాప్తుతో అక్కడి పోలీసులు పట్టుకున్నారు. వాళ్ల సర్వర్లను ఆపితే బాధితుల నెట్ ఆగిపోతుందని, 2012 జూలై 9 వరకు వాటి స్థానంలో మంచి సర్వర్లు నడపాల్సి వచ్చింది. రూటర్ రీసెట్ పిన్ను నొక్కే ముందు మీ నెట్ ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. ఫైబర్ బాక్సుల్లో రీసెట్ కొడితే కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోవచ్చు, మళ్లీ వాళ్ల మనిషి వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు. రీసెట్ అయ్యాక అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం మరవొద్దు.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయ్యాయి

జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకొచ్చాక కనిపించే జబ్బు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాచేశారంతే. ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేశారంటే వైరస్‌ను మీ చేత్తో నడిపినట్టే. ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూ ట్యాబ్‌లో దాచిన ఫైళ్లు చూపమని పెట్టి, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ టిక్కు తీసేయండి. చాలాసార్లు పేరు లేని ఒక ఫోల్డర్ బయటపడుతుంది, మీ ఫైళ్లన్నీ అందులోనే. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. అయితే కంప్యూటర్ ముందే శుభ్రమై ఉండాలి, లేదంటే ఫార్మాట్ చేసిన నిమిషానికే మళ్లీ అంటుకుంటుంది.

ఎప్పుడు విండోస్ మళ్లీ వేయాలి?

ఒక పాపప్ కోసం ఫార్మాట్ చేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. కానీ డిఫెండర్ ఆన్ కావడమే లేదు, ఆఫ్‌లైన్ స్కాన్ తీసింది మళ్లీ మళ్లీ వస్తోంది, లేదా ‘కస్టమర్ కేర్’ అన్నవాడికి ఎనీడెస్క్‌తో (దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్) కంప్యూటర్ అప్పగించారు అంటే గంటలు వృథా చేయకండి. వాడు బ్యాంకు డబ్బు కాజేసి ఉంటే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, కంప్యూటర్ సంగతి తర్వాత.

శుభ్రంగా ఉన్న వేరే కంప్యూటర్‌లో, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ తయారుచేసుకోండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, కంప్యూటర్‌కు అర్హత ఉంటే (టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, సరిపడే ప్రాసెసర్) నేరుగా 11 వేయండి. బ్యాకప్‌లోంచి ఈఎక్స్‌ఈ, జిప్ ఫైళ్లు వెనక్కి తేవొద్దు.

పాస్‌వర్డ్‌లు మార్చడం ఈలోగా ఫోన్లో చేసేయండి, జబ్బుపడ్డ కంప్యూటర్‌లో వద్దు. మొదట మెయిల్, తర్వాత బ్యాంకు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతోపాటు లాగిన్ కుకీలను (మీరు లాగిన్ అయ్యారని సైటు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) కూడా దొంగిలించే మాల్వేర్ ఉంది, అది పట్టుకుపోయిన కుకీ పాస్‌వర్డ్ మార్చాక కూడా పనిచేయొచ్చు. అందుకే ప్రతి ఖాతాలోనూ అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసే ఆప్షన్ వెతికి నొక్కండి.