టైటానిక్ ఫొటో అని పంపారా? ముందు కిటికీలు చూడండి

ఏప్రిల్ 15 దగ్గర పడితే చాలు, టైటానిక్ ఫొటోలు మళ్లీ తిరగడం మొదలవుతుంది. నాలుగు పొగగొట్టాల నల్లటి ఓడ, గడియారం ఉన్న చెక్క మెట్లు, భారీ ప్రొపెల్లర్ కింద నిలబడ్డ కార్మికులు. చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, కానీ వాటిలో చాలావరకు టైటానిక్‌వి కావు, దానికంటే ముందు అదే కొలతలతో కట్టిన ఒలింపిక్ అనే ఓడవి. చెల్లెలి సంబంధానికి అక్క ఫొటో పంపినట్టన్నమాట. రెండూ బెల్‌ఫాస్ట్‌లో హార్లండ్ అండ్ వుల్ఫ్ షిప్‌యార్డు వాళ్లు వైట్ స్టార్ లైన్ అనే ఓడల కంపెనీ కోసం కట్టినవే, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరగా చూస్తే మాత్రం తెలుస్తుంది, అందుకు ఓడల గురించి చదువుకుని ఉండక్కర్లేదు, ఫొటోని కాస్త పెద్దది చేసుకుని చూసే ఓపిక ఉంటే చాలు.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో తెలిస్తే సగం పని అయినట్టే. ఒలింపిక్ 1911 జూన్‌లో తొలి ప్రయాణం చేసింది. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడ అదే కాబట్టి ఫొటోగ్రాఫర్లంతా ఎగబడ్డారు, లోపలి గదులన్నీ తీరిగ్గా ఫొటోలు తీశారు, కంపెనీ కూడా ప్రచార పుస్తకాల్లో ఆ ఫొటోలనే రెండు ఓడలకీ వాడేసింది. టైటానిక్‌కి అంత టైమ్ దొరకలేదు. 1912 ఏప్రిల్ 2న బెల్‌ఫాస్ట్ వదిలింది, 10న సౌతాంప్టన్‌లో జనాన్ని ఎక్కించుకుని బయల్దేరింది, 14వ తేదీ రాత్రి 11.40కి మంచుకొండని గుద్దుకుంది, 2.20కి మునిగిపోయింది. అంటే పూర్తిగా తయారైన టైటానిక్ కెమెరాల ముందు ఉన్నది రెండు వారాలైనా కాదు. మర్నాటి పేపర్లకి ఫొటోలు కావాలి, ఉన్నవేమో ఒలింపిక్‌వి. సినిమా హాళ్లలో వేసిన న్యూస్‌రీళ్లయితే ఇంకా ఘోరం, న్యూయార్క్ రేవులో తీసిన ఒలింపిక్ దృశ్యాలనే చూపించారు, పక్కన ఉన్న టగ్ బోట్ల పేర్లు కనిపిస్తే దొరికిపోతామని ఫిల్మ్ మీద ఆ పేర్లు గీకేశారు. ఫేక్ న్యూస్ ఫోన్లతో పాటు పుట్టింది కాదు మరి.

సరే, ఎలా కనిపెట్టాలి? ఓడని పక్క నుంచి తీసిన ఫొటో అయితే మొదట పొగగొట్టాలు వదిలేసి వాటి కిందకి రండి. లైఫ్ బోట్లు వేలాడే పై అంతస్తు ఉంటుంది కదా, దాని కిందదే ఏ డెక్, అంటే మొదటి తరగతి వాళ్లు వాహ్యాళికి తిరిగే వరండా. ఒలింపిక్‌లో అది ఈ చివర నుంచి ఆ చివర దాకా తెరిచే ఉంటుంది, స్తంభాల మధ్య చీకటిగా ఖాళీ కనిపిస్తుంది. టైటానిక్‌లో ముందు సగం కిటికీల తెరతో మూసేశారు, వెనక సగమే ఖాళీ. గాలి, నీటి తుంపర ప్రయాణికుల మీద పడకుండా చివరి వారాల్లో చేసిన మార్పు ఇది. ఒలింపిక్‌ని 1935లో సర్వీసు నుంచి తీసేసేదాకా ఆ వరండా అలా తెరిచే ఉంది కాబట్టి, ముందు సగం మూసి ఉంటే అది ఒలింపిక్ కాదని ధీమాగా చెప్పొచ్చు. ఒక్క గుర్తే పెట్టుకుంటాను అనేవాళ్లు ఇది పెట్టుకోండి.

తెరిచి ఉంటే మాత్రం వెంటనే ఒలింపిక్ అని తీర్పు ఇవ్వకండి, ఎందుకంటే బెల్‌ఫాస్ట్‌లో ఇంకా పని జరుగుతున్న రోజుల్లో టైటానిక్ వరండా కూడా తెరిచే ఉండేది. అప్పుడు ఇంకో అంతస్తు దిగి బి డెక్ కిటికీలు చూడండి. ఒలింపిక్‌లో అవి పెద్దవి, వరసగా సమానమైన ఎడంతో ఉంటాయి, ఎందుకంటే వాటి వెనక ఉన్నది కూడా వరండానే. టైటానిక్‌లో ఆ వరండా తీసేసి గదులని ఓడ అంచు దాకా పెంచారు, అందుకని కిటికీలు సన్నగా, గుంపులు గుంపులుగా, ఎడం లేకుండా కొన్ని, ఎడంగా కొన్ని ఉంటాయి. ఫొటో మసగ్గా ఉన్నా ఈ తేడా కనిపిస్తుంది. ఓడని ఎదురుగా తీసిన ఫొటో అయితే బ్రిడ్జి, అంటే ఓడని నడిపే చోటు, దాని రెండు చివర్లా ఉండే చిన్న గదులు చూడాలి, టైటానిక్‌లో అవి ఓడ అంచుని దాటి కొద్దిగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి.

ముందుభాగంలో గుండ్రటి కిటికీలు లెక్కపెట్టమని చెప్పేవాళ్లు ఉంటారు, ఒలింపిక్‌కి 14, టైటానిక్‌కి 16 అని. వినడానికి బాగుంటుంది గానీ నేనైతే దాన్ని నమ్ముకోను, నీళ్లలోకి దింపిన రోజున టైటానిక్‌కి కూడా ఉన్నవి 14 మాత్రమే, 16 చేసింది తర్వాత. రెండు ఓడలనీ మార్చేశారు, మునిగింది నిజానికి ఒలింపిక్ అనే కట్టుకథ ఉంది కదా, అది చెప్పేవాళ్లు ఎక్కువగా ఈ కిటికీల లెక్క చుట్టూనే తిరుగుతుంటారు. షిప్‌యార్డులో టైటానిక్ నంబరు 401, ఒలింపిక్‌ది 400. సముద్రం అడుగున ఉన్న ప్రొపెల్లర్ మీద 401 అని ఉంది. ఆ చర్చ అక్కడితో అయిపోవాలి.

పొగగొట్టాలు ఇంకా బిగించని ఫొటోలు, అంటే నీళ్లలోకి దింపుతున్నప్పటివి, ఇంకా సులువు. 1910 అక్టోబర్ 20న ఒలింపిక్‌ని దింపినప్పుడు ఫొటోల్లో బాగా పడాలని ఒంటికి లేత రంగు వేశారు, తర్వాత నల్లగా మార్చారు. 1911 మే 31న టైటానిక్‌ని దింపింది నల్లరంగుతోనే. రెండు ఓడలు పక్కపక్కన కట్టుబడిలో ఉన్న ఫొటోలో తెల్లగా మెరిసేది ఒలింపిక్. ఓడ నిండా తోరణాల్లా జెండాలు కట్టి రేవులో ఆగి ఉన్న టైటానిక్ ఫొటో ఒకటి ఉంది, అది 1912 ఏప్రిల్ 5, గుడ్ ఫ్రైడే రోజు, సౌతాంప్టన్. పోల్చి చూసుకోడానికి దాన్ని దగ్గర పెట్టుకోండి.

ఇక లోపలి ఫొటోలు. ఇక్కడ చాలామంది మనసు కష్టపెట్టుకుంటారు, కానీ చెప్పాలి కదా. అద్దాల గోపురం కింద వంపు తిరిగి దిగే ఆ మెట్లు, మధ్యలో శిల్పాల నడుమ గడియారం ఉంటుందే, టైటానిక్‌లో వాటిని తీసిన ఫొటో ఒక్కటి కూడా బయటికి రాలేదు. మనం చూసేవన్నీ ఒలింపిక్ మెట్లే. ప్రొపెల్లర్ల కింద మనుషులు నిలబడ్డ ప్రసిద్ధ ఫొటోలు కూడా ఒలింపిక్‌వే. టైటానిక్ కెప్టెన్ స్మిత్ అంతకుముందు ఒలింపిక్‌ని నడిపినవాడే కాబట్టి ఆయన ఓడ మీద ఉన్నంత మాత్రాన అది టైటానిక్ అయిపోదు. రంగుల ఫొటో అయితే ఆ రంగులు తర్వాత ఎవరో వేసినవి. నాలుగో పొగగొట్టం నుంచి కూడా నల్లటి పొగ దట్టంగా వస్తుంటే అది బొమ్మ అనుకోండి, ఎందుకంటే దానికి బాయిలర్లతో సంబంధం లేదు, ప్రధానంగా గాలి ఆడడానికి పెట్టింది. ఈమధ్య ఏఐతో చేసిన బొమ్మలు కూడా కలిసిపోతున్నాయి, వాటిలో లైఫ్ బోట్లు లెక్కపెట్టండి, కిటికీల వరసని వేలితో చివరిదాకా వెంబడించండి, ఎక్కడో ఒకచోట అర్థం లేకుండా కలిసిపోతాయి.

మరి అసలైనవి ఎక్కడున్నాయి? ఫ్రాన్సిస్ బ్రౌన్ అనే ఐరిష్ యువకుడితో మొదలుపెట్టండి. అప్పటికి ఇంకా జెసూట్ ఫాదర్ కావడానికి చదువుకుంటున్నాడు. బిషప్‌గా ఉన్న వాళ్ల బాబాయి టికెట్ కొనిచ్చాడు, సౌతాంప్టన్‌లో ఎక్కి మర్నాడు, ఏప్రిల్ 11న, ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్‌లో దిగిపోవాలి. ఓడలో పరిచయమైన ధనిక అమెరికన్ జంట న్యూయార్క్ దాకా ఖర్చు మేం పెట్టుకుంటాం రమ్మన్నారు. అనుమతి కోసం పైవాళ్లకి వైర్‌లెస్‌లో కబురు పెడితే, ఓడ దిగి వచ్చెయ్ అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. దిగాడు, కెమెరాతో సహా. టైటానిక్ లోపల జీవితం ఎలా ఉండేదో మనకి కాస్తయినా కనబడుతోందంటే ఆ జవాబు పుణ్యమే. ఆయన 1960లో పోయాక ఆ నెగెటివ్‌లు ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి, పాతికేళ్లకి, 1985లో ఇంకో ఫాదర్ కంటబడ్డాయి. సముద్రంలో శిథిలాలు దొరికింది కూడా ఆ సంవత్సరమే.

బ్రౌన్ ఫొటోలు చూసేటప్పుడు తొందరపడకండి. వైర్‌లెస్ గది ఫొటో చూడండి, టైటానిక్‌లో ఆ గదికి ఉన్నది అదొక్కటే, అది కూడా ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పడి చెడిపోయింది, అయినా బల్ల ముందు కూర్చున్న ఆపరేటర్ వీపు కనిపిస్తుంది. డెక్ మీద బొంగరం ఆడుతున్న పిల్లాడి ఫొటో చూడండి. డగ్లస్ స్పెడెన్, ఆరేళ్లు, తండ్రి పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆ కుటుంబం బతికి బయటపడింది, పిల్లాడు మాత్రం మూడేళ్లకి కారు ప్రమాదంలో పోయాడు. ఒలింపిక్ ఫొటోల్లో మెరుగుపెట్టిన చెక్కలు, ఖాళీ కుర్చీలు ఉంటాయి, మనుషులు అరుదు. బ్రౌన్ ఫొటోల్లో నీడలు వంకర, చట్రం వంకర, కానీ ఎవరో ఒకరు ఏదో పనిలో ఉంటారు. నా ఓటు వీటికే.

క్వీన్స్‌టౌన్ దాటాక ఓడ మీద తీసిన ఫొటో అనేది ఒక్కటీ మనకి అందలేదు. కాబట్టి మునిగే ముందు రాత్రి డిన్నర్, ఆఖరి గంటల్లో డెక్ అని రాసుంటే ఇంక కిటికీలు కూడా చూడక్కర్లేదు. ఆ తర్వాతి అసలు ఫొటోలు, బతికినవాళ్లని ఎక్కించుకున్న కార్పాతియా అనే ఓడ మీంచి తీసినవి. బెర్నిస్ పామర్ అనే పదిహేడేళ్ల అమ్మాయి దగ్గర కొడాక్ బ్రౌనీ కెమెరా ఉంది, బతికి వచ్చినవాళ్లని ఫొటోలు తీసింది, ఒక ఫొటో ఏజెన్సీ ఆమెకి పది డాలర్లిచ్చి హక్కులు పట్టుకుపోయింది.

ఆ రాత్రి లైఫ్ బోట్లలోంచి కార్పాతియా ఎక్కినవాళ్లలో గుంటూరులో పుట్టిన అమ్మాయి ఒకరున్నారు. రూత్ బెకర్, పన్నెండేళ్లు. తండ్రి గుంటూరులో లూథరన్ మిషనరీ, చిన్న తమ్ముడికి జబ్బు చేస్తే తల్లి ముగ్గురు పిల్లల్నీ తీసుకుని అమెరికా బయల్దేరింది, రెండో తరగతిలో. తల్లి, చిన్నపిల్లలిద్దరూ 11వ నంబర్ బోటులో, రూత్ విడిగా 13వ దాంట్లో, నలుగురూ బతికారు. రెండో తరగతి గదులని చూడాలని ఎవరైనా వెతికితే అక్కడా ఎక్కువగా ఒలింపిక్కే ఎదురవుతుంది, గదుల నమూనా దాదాపు ఒకటే కాబట్టి ఊహించుకోడానికి పనికొస్తుంది, క్యాప్షన్‌లో మాత్రం ఒలింపిక్ అనే రాయండి.

వెతకడానికి నేను వాడే వరస ఇది. ముందు గూగుల్ లెన్స్‌లో ఫొటో వేసి, వచ్చిన వాటిలో అన్నిటికంటే స్పష్టంగా ఉన్న కాపీ తీసుకుంటాను, ఫార్వర్డ్ అయిన కాపీలో కిటికీలు కరిగిపోయి ఉంటాయి. షిప్‌యార్డు ఫొటోలు ఉత్తర ఐర్లండ్ జాతీయ మ్యూజియంలలో ఉన్నాయి, ఎక్కువ భాగం ఆ కంపెనీ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ వెల్చ్ తీసినవి. కార్పాతియా వైపువి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడి వివరణలో ఒలింపిక్ అని ఉండి, మీకొచ్చిన దాంట్లో టైటానిక్ అని ఉంటే మ్యూజియం మాటే తీసుకోండి. ఎంత చూసినా తేలకపోతే "ఒలింపిక్ లేదా టైటానిక్" అని రాసి పెట్టండి, గ్రూపులో ఎవరో ఒకరు కిటికీలు లెక్కపెట్టి చెప్తారు.