దయ గురించి, తేడాల గురించి బొమ్మల పుస్తకాలు: ఎలా చూసి తీసుకోవాలి, పిల్లలతో ఎలా చదవాలి

పిల్లలకు దయ నేర్పే బొమ్మల పుస్తకం తీసుకునేముందు అట్ట వెనక రాసింది చూసి ఊరుకోకండి, మొత్తం చదివేయండి. బొమ్మల పుస్తకం అంటే మామూలుగా 32 పేజీలే, పెద్ద కాగితాన్ని మడిచి కత్తిరిస్తే 16 పేజీలు వస్తాయి, అలాంటివి రెండు కలిపితే 32 కాబట్టి ఆ లెక్క అలా స్థిరపడిపోయింది. మాటలు కూడా తక్కువే, నిలబడి చదివినా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. చివరి నాలుగు పేజీలు మాత్రం నెమ్మదిగా చదవండి. ఇది నిజంగా మంచి పుస్తకమా, లేక మంచిగా కనిపించే పుస్తకమా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఎందుకంటే ఈ రకంలో ఎక్కువగా దొరికే కథ ఒకటుంది. ఒక జంతువు మిగతావాటికంటే వేరుగా ఉంటుంది, రంగో, ముక్కో, చెవులో. అందరూ ఎగతాళి చేస్తారు, ఆటలోకి రానివ్వరు. ఒకరోజు పెద్ద ప్రమాదం వస్తుంది, ఆ పెద్ద చెవులే అందరినీ కాపాడతాయి, ఆ రోజునుంచి అందరూ స్నేహితులైపోతారు. వినడానికి బాగుంటుంది, పిల్లలు చప్పట్లు కూడా కొడతారు. కానీ నాలుగేళ్ల పిల్లకు దీంట్లోంచి అర్థమయ్యేదేంటో ఒక్కసారి ఆలోచించండి: పనికొస్తేనే చేర్చుకుంటారు. ఆ చెవులవల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేకపోతే ఆ జంతువు ఎప్పటికీ ఒంటరిగానే ఉండాలా? పైగా ఎగతాళి చేసినవాళ్లు ఒక్కరూ సారీ చెప్పరు, వాళ్లు చేసింది తప్పని కథ కూడా ఎక్కడా అనదు, ఏడ్చినవాడే ఏదో ఘనకార్యం చేసి తన చోటు సంపాదించుకోవాలి. ఇలాంటివి ఇంట్లో ఒకటీ అరా ఉంటే కొంప మునగదు గానీ, ఉన్నవన్నీ ఇవే అయితే మాత్రం మనం చెప్పాలనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమైంది చెబుతున్నట్టే.

దీనికి చెల్లెలు లాంటి కథ ఇంకోటి: తన దగ్గరున్న అందమైన వస్తువులన్నీ పంచేశాకే ఒక పిల్లకు స్నేహితులు దొరుకుతారు. పంచుకోవడం మంచిదే, కాదనను. కానీ ఇచ్చేవరకూ ఎవరూ పలకరించకపోవడం, ఇవ్వగానే అందరూ చుట్టూ చేరడం చూస్తే అది స్నేహానికి కట్టిన ధరలా ఉంటుంది. "నీ పెన్సిల్ ఇస్తేనే నీతో ఆడతా" అని క్లాసులో వినిపించే మాట కూడా అదే కదా.

మూడోది జాలి కథ. ఇందులో కళ్లు కనపడని అబ్బాయో, నడవలేని అమ్మాయో ఉంటారు, వాళ్లు ఉన్నదే మిగతావాళ్లు సాయం చేసి మంచివాళ్లు అనిపించుకోవడానికి. వాళ్లకు ఒక కోపం ఉండదు, ఒక అల్లరి ఉండదు, నచ్చిన ఆట కూడా ఉండదు. నేనైతే పుస్తకం చూసేటప్పుడు వేసుకునే మొదటి ప్రశ్న ఇదే: ఆ పిల్ల ఈ కథలో ఎవరికైనా ఏదైనా ఇస్తుందా, జోక్ వేస్తుందా, మారాం చేస్తుందా, లేక అన్నీ పుచ్చుకుంటూ నవ్వుతూ కూర్చుంటుందా?

ఇక బొమ్మలు చూడండి. మాటలు పక్కన పెట్టి బొమ్మలు మాత్రమే ఒకసారి తిప్పండి. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల బొమ్మ ఉందనుకోండి, ఆ కుర్చీ ఎలాంటిదో గమనించండి. రోజూ వాడే పిల్లలకు సాధారణంగా వాళ్ల కొలతలకు చేసిన కుర్చీ ఉంటుంది, వీపు ఆనే చోటు పొట్టిగా ఉంటుంది, చేతులు చక్రాల మీద పెట్టి వాళ్లే తోసుకుంటారు. బొమ్మలో మాత్రం ఆసుపత్రిలో రోగుల్ని తిప్పే పెద్ద కుర్చీ, వెనక ఎవరో తోస్తూ ఉంటే, బొమ్మ గీసినవాళ్లు అలాంటి పిల్లను దగ్గరగా చూసి ఉండరు. కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడనివాళ్లకు ఆపరేషన్ చేసి పెట్టే వినికిడి పరికరం) ఉన్న పిల్లవాడి బొమ్మలో మామూలుగా చెవి వెనక పరికరం, దాన్నుంచి ఒక సన్నటి తీగ, తలకు అతుక్కున్న చిన్న గుండ్రటి బిళ్ల కనిపించాలి, ఆ బిళ్ల లోపలున్న అయస్కాంతంతో అతుక్కుంటుంది. ఇవి గీశారంటే శ్రద్ధ పెట్టారని అర్థం. అదే పరికరం పెట్టుకున్న పిల్లలు పేజీలో దాన్ని చూసి "నాకూ ఇదే ఉంది" అని వేలు పెట్టి చూపిస్తారు, ఆ బిళ్ల గీయకపోతే ఆ అవకాశమే ఉండదు. ఇంకోటి, ఒంటి రంగు. ఒకే ముఖం, ఒకే ముక్కు, ఒకే జుట్టు గీసి నాలుగు రంగులు పూసేస్తే అది తేడాలను చూపించినట్టు కాదు.

మంచివి ఎలా ఉంటాయంటే, చాలాసార్లు అవి తేడా గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడవు. ఎజ్రా జాక్ కీట్స్ అనే అమెరికన్ రచయిత, చిత్రకారుడు 1962లో వేసిన 'ద స్నోయీ డే'లో పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు మంచు పడ్డ రోజు బయటికెళ్లి ఆడుకుంటాడు. అంతే కథ. వాడి రంగు గురించి పుస్తకంలో ఎక్కడా ఒక మాట లేదు, అప్పట్లో అమెరికాలో అలాంటి పిల్లవాడు బొమ్మల పుస్తకంలో హీరోగా కనిపించడమే అరుదు. 1963లో దానికి కాల్డెకాట్ మెడల్ వచ్చింది, అది అమెరికాలో బొమ్మల పుస్తకాలకు ఇచ్చే పెద్ద బహుమతి. పాఠం చెప్పకుండానే "వీడూ మనలాగే మంచులో అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసుకుంటాడు" అని పిల్లలకు తెలిసిపోతుంది.

రెండో రకం మంచి పుస్తకం, నొప్పిని దాచనిది. జాక్వెలీన్ వుడ్సన్ రాసిన 'ఈచ్ కైండ్‌నెస్' (2012)లో కొత్తగా వచ్చిన మాయా అనే అమ్మాయిని క్లోయీ, ఆమె స్నేహితులు దగ్గరికి రానివ్వరు. తర్వాత టీచర్ నీళ్లలో రాయి వేసి, చిన్న దయ కూడా ఇలా అలల్లా పాకుతుందని చూపించినప్పుడు క్లోయీకి తను చేసింది అర్థమవుతుంది, కానీ ఈలోగా మాయా వెళ్లిపోతుంది, తిరిగి రాదు. సారీ చెప్పే అవకాశమే దొరకదు. ఈ ముగింపు విని కొందరు పిల్లలు "తర్వాతి పేజీ ఏదీ?" అని వెతుకుతారు, అలా వెతికితే పుస్తకం పనిచేసిందన్నమాట. ఆరేళ్లు దాటాక చదవండి, అంతకన్నా చిన్నపిల్లలకు ఈ బరువు ఎక్కువ. మూడేళ్లలోపు వాళ్లకైతే కథ కూడా అక్కర్లేదు, రకరకాల ముఖాలున్న గట్టి అట్టల పుస్తకం చాలు.

ఒక్క పుస్తకంలో అన్నీ దొరకవు కాబట్టి పుస్తకాల అరను మొత్తంగా చూడండి. రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1990లో ఒక వ్యాసంలో, పిల్లలకు కొన్ని పుస్తకాలు అద్దాలు, కొన్ని కిటికీలు అన్నారు, అంటే కొన్నింట్లో తమను తాము చూసుకుంటారు, కొన్నింట్లోంచి వేరేవాళ్ల జీవితం చూస్తారు. ఉన్న పుస్తకాలన్నీ నేల మీద పరిచి, మీ పిల్లకు ఏవి అద్దాలు, ఏవి కిటికీలు అని విడదీస్తే ఎక్కడ ఖాళీ ఉందో కనిపిస్తుంది. కొనడమొక్కటే దారి కాదు, పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్‌లో తెలుగులో కూడా బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. అక్కడ కథలు చాలా ఉన్నాయి గనక పైన చెప్పినట్టే ముందు మీరు చదివి ఏరండి.

ఇప్పుడు చదవడం. మొదటిసారి ఏమీ అడగకుండా కథ చదివేయండి. పిల్లలు కథలో మునిగి ఉన్నప్పుడు మధ్యలో "చూశావా, మనం కూడా ఇలా ఉండాలి" అంటే ఇక వాళ్లు కథ వినరు, మన మొహం చూస్తారు. ప్రశ్నలు రెండోసారికి, మూడోసారికి. పెద్దవాళ్లు చదువుతూ పోవడం కాకుండా పిల్లల చేత మాట్లాడించే పద్ధతిని గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వవేత్త, ఆయన బృందం 1988లో ప్రచురించారు. అందులోని కిటుకు ఏంటంటే, పిల్ల ఒక మాట అంటే దానికి మనం ఇంకొంచెం కలిపి తిరిగి అనడం. "ఏడుస్తోంది" అంటే "అవును, ఎవరికీ కనపడకుండా మూలకెళ్లి ఏడుస్తోంది" అనండి.

ప్రశ్న ఎంత చిన్నదైతే అంత మంచిది. ఒక పేజీలో నలుగురు తాడాట ఆడుతున్నారు, ఒకమ్మాయి గోడ పక్కన వంగి బూటు లేసు కట్టుకుంటోంది అనుకోండి. "ఈ కథలో నీతి ఏంటి?" అని అడిగితే "అందరితో మంచిగా ఉండాలి" అని అప్పజెప్పేస్తారు, అది అన్ని పుస్తకాలకూ సరిపోయే జవాబు. బదులుగా "ఆ అమ్మాయి లేసు ఊడిపోయిందా?" అని అడగండి. పిల్ల బొమ్మలోకి ముక్కు పెట్టి చూస్తుంది. "లేదు, ముడి వేసే ఉంది." "మరి ఎందుకు వంగింది?" ఇక్కడ ఆగండి. ఎంతసేపైనా సరే, జవాబు మీరు చెప్పకండి. ఆటలోకి ఎవరూ పిలవడం లేదని కనపడకుండా ఉండటానికి అలా నటిస్తోందని ఆ పిల్లే కనిపెడితే, రేపు తన క్లాసులో గోడ పక్కన ఎవరైనా ఊరికే వంగి ఉంటే గుర్తుపట్టే అవకాశం ఉంటుంది.

బొమ్మ చూసి పిల్లలు "వీడికి చెయ్యి ఎందుకు లేదు?" అని గట్టిగా అడుగుతారు, ఒక్కోసారి నవ్వుతారు కూడా. "ష్, అలా అనకూడదు" అంటే అదేదో సిగ్గుపడాల్సిన విషయమని నేర్పినట్టవుతుంది. సూటిగా చెప్పండి: "కొందరు పుట్టడమే అలా పుడతారు, కొందరికి దెబ్బ తగిలి అలా అవుతుంది, ఈ అబ్బాయికి ఎందుకో పుస్తకంలో లేదు. వాడు బంతి ఎలా విసురుతున్నాడో చూడు." నవ్వితే తిట్టకండి, నవ్వొచ్చిందేంటో అడిగి తెలుసుకోండి, కొత్తది చూసినప్పుడు చిన్నపిల్లలకు నవ్వు వస్తుంది, రెండు మూడుసార్లు చూశాక అదే పోతుంది.

టీచర్లకు ఒక మాట. నత్తి ఉన్న పిల్లవాడు క్లాసులో కొత్తగా చేరిన వారమే నత్తి గురించిన పుస్తకం తీసి చదవకండి. ఎంత మంచి ఉద్దేశంతో చదివినా మూడో పేజీకి తలలన్నీ వాడివైపే తిరుగుతాయి. ముందు వాణ్ణి, వాడి తల్లిదండ్రుల్ని అడగండి, వద్దంటే వదిలేయండి. ఏడాది పొడవునా రకరకాల పుస్తకాల మధ్య అది కూడా ఒకటిగా వస్తే ఎవరూ ఎవరివైపూ చూడరు.

ఇంట్లో మీ పిల్లే ఆ వేరుగా ఉండే పిల్ల అయితే, తన పరిస్థితి గురించిన పుస్తకాలే తెచ్చి పోయకండి. ఒకటి రెండు అందేచోట పెట్టి ఊరుకోండి. తనకు డైనోసార్లు ఇష్టమైతే డైనోసార్ల పుస్తకమే చదవండి, మిగతాది తనంతట తాను తీసినప్పుడు చదవొచ్చు.