స్కాన్ అయింది, కడగడం కాలేదు

రుషికొండ దగ్గర ఓ ఆఫీసు బిల్డింగులో హౌస్‌కీపింగ్ నేనే చూస్తాను. బాత్రూం తలుపులకు క్యూఆర్ కోడ్‌లు పెట్టాం, కడిగాక స్కాన్ చేయాలని. రిపోర్టంతా పచ్చగా, నేలంతా జిడ్డుగా! కోడ్‌లను మా పనివాళ్లు ఫోటో తీసుకుని కింద టీ తాగుతూనే స్కాన్ కొట్టేస్తున్నారు. తెలివికేం తక్కువ లేదు.

కోడ్‌లు పీకేసి ఎన్‌ఎఫ్‌సీ ట్యాగులు (ఫోన్ చదివే చిన్న చిప్ ఉన్న స్టిక్కర్లు) అతికించాను. ఫోన్ దాదాపు ఆనించాల్సిందే, ఫోటో పనికిరాదు.

"ఏటీ రావట్లేదు బాబూ" అంది మూడో అంతస్తు చూసే అమ్మ. స్టీలు డబ్బా మీది ట్యాగు అది. లోహం మీద మామూలు ట్యాగు పలకదు. వెనక లోహం అడ్డు తగలకుండా కాచే ఫెరైట్ పొర ఉన్నది తెచ్చి అతికిస్తే పలికింది. మిగతావి టైల్స్ మీదకి మార్చాను.

సముద్రం వైపు అద్దాలకు పట్టే ఉప్పుపొర సంగతి వేరు. వాటికి ముందొకటి, తుడిచాక ఒకటి ఫోటో అడుగుతున్నాను, గ్యాలరీలోంచి కాదు, యాప్ కెమెరాతోనే.