రోజూ బైబిల్ చదవటం అలవాటవ్వాలంటే

జనవరి ఒకటిన బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం మొదలెట్టి మూడోదైన లేవీయకాండం దగ్గర ఆగిపోయినోళ్ళలో నేనూ ఒకణ్ణేనండి, వరసగా మూడేళ్ళు అదే జరిగింది. మొత్తం 1189 అధ్యాయాలు, ఏడాదిలో అయిపోవాలంటే రోజుకి మూడో నాలుగో చదవాలి, కొత్తగా మొదలెట్టేవాళ్ళకి అది ఎక్కువే. అందుకే ముందు మార్కు సువార్త పట్టుకోండి, 16 అధ్యాయాలే, రోజుకొకటి. తర్వాత బైబిల్లోనే ఉన్న సామెతల గ్రంథం, 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి తారీఖు చూసి ఆ నంబరు అధ్యాయం తీస్తే చాలు, ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే గోలుండదు.

టైం కన్నా చోటు ముఖ్యం. మాది గుంటూరు బ్రాడీపేట, పొద్దున్నే పాల ప్యాకెట్ తెచ్చి స్టవ్ మీద పెట్టి, పాలు కాగేలోపు వంటింటి గట్టు మీదున్న బైబిల్ తీసి నిలబడే చదువుతా (ఒకసారి పొంగిపోయి అట్ట మీద మరక పడింది, మా ఆవిడ ఇంకా అంటానే ఉంటది). ఫోన్లో యాప్ ఉంది గానీ తెరవబోయి వాట్సాప్‌లోకి పోతున్నా, పుస్తకమే నయం. రోజూ విజయవాడకి ట్రైన్లో తిరిగేవాళ్ళైతే ఆడియో వినొచ్చు.

చదివాక నచ్చిన వచనం కింద పెన్సిల్‌తో గీత, పక్కన తారీఖు. 119వ కీర్తన వచ్చిందా, 176 వచనాలు, ఒక్కరోజే లాగొద్దు, ఎనిమిదేసి వచనాల ముక్కలుగానే రాశారు దాన్ని. ఒకరోజు తప్పితే బాకీ తీర్చినట్టు రెండూ కలిపి చదవబాకండి, ఆ రోజుది చదివేసి పనిలోకి పోండి.