పిట్టపిల్ల నోరు తెరవట్లేదా? ముందు పొట్ట ముట్టుకుని చూడండి

ఎండాకాలం మొదలైతే చాలు, మా ఇంటికి చెప్పుల డబ్బాలు వస్తుంటాయి. లోపల గోరింక పిల్లో, పిచ్చుక పిల్లో. అందులో చాలావాటిని అసలు తేవాల్సిన పనే లేదు.

సమస్య: ఈకలు వచ్చాయి, గెంతుతోంది, ఎగరలేకపోతోంది.

రోగమేం లేదు. గూడు వదిలి ఎగరడం నేర్చుకుంటోంది. తోక పొట్టిగా, నోటి అంచులు పసుప్పచ్చగా ఉంటాయి చూడండి. ఈ వయసులో తల్లీతండ్రీ నేల మీదే మేపుతాయి. రోడ్డు మీదుంటే పక్క పొదలో పెట్టి, కుక్కనీ పిల్లినీ ఆపి, ఓ గంట కిటికీలోంచి చూడండి. పక్కనే నిలబడి వీడియో తీస్తుంటే తల్లి రాదు. మనిషి ముట్టుకున్న పిల్లను తల్లి రానివ్వదన్నది వట్టి మాట. ఈ ఒక్కటి చూసుకోకుండా ఎంతమంది డబ్బా పట్టుకొస్తారో!

సమస్య: ఈకల్లేవు, కళ్లు కూడా తెరవలేదు.

గూడు పైనే ఎక్కడో ఉంటుంది: గోడ కన్నం, పైపు, ఏసీ డబ్బా వెనక. పిల్ల వెచ్చగా ఉంటే తిరిగి గూట్లో పెట్టేయండి. గూడే పడిపోతే, అడుగున చిన్న కన్నాలున్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే చోట కట్టండి.

సమస్య: నోరు తెరవట్లేదు, పెట్టింది మింగట్లేదు.

అందరూ ఆకలి నీరసం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నాను. తొలకరి వాన పడ్డ రాత్రి ఎదురింటి పిల్లలు తడిసిన పిచ్చుక పిల్లను తెచ్చారు. ముక్కు విప్పి ఉడికిన పచ్చసొన కాస్త పెట్టాను. మింగింది. హమ్మయ్య అనుకుని పడుకున్నా. తెల్లారేసరికి చచ్చిపోయి ఉంది. మెడ కింద తిండి సంచి రాత్రి ఎలా ఉబ్బిందో అలాగే ఉంది, ఒక్క మెతుకు కూడా కిందికి దిగలేదు.

కారణం చలి. జూన్‌లో చలేంటండీ అంటారు. ఈకల్లేని పిల్లకు సొంత వేడి నిలవదు, తల్లి పొట్ట కింద దొరికే వేడే దాని వేడి. 30 డిగ్రీల గది మనకు ఉక్కపోత, దానికి చలి. పైగా తెచ్చినవాళ్లు పాపం గాలి ఆడాలని ఫ్యాన్ కింద పెడతారు! ఒళ్లు చల్లబడితే నోరు తెరవడం ఆగిపోతుంది, అరుగుదలా ఆగిపోతుంది. అప్పుడు పెట్టిన తిండి లోపలే పులుస్తుంది.

అందుకే ముందు పొట్ట ముట్టుకోండి. మీ వేలి కంటే చల్లగా ఉంటే తిండి మాటే వద్దు. సీసాలో వేడినీళ్లు పోసి, బట్ట చుట్టి, డబ్బాలో ఒక పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉంచండి. సీసా చల్లారితే అదే పిల్ల వేడిని లాగేస్తుంది, కాబట్టి రాత్రంతా మారుస్తూ ఉండాలి. బల్బు పెట్టేవాళ్లు పాత 40 వాట్ల పసుపు బల్బు వెతుక్కోండి, ఎల్ఈడీతో ఆ వేడి రాదు. మెడ చాచి నోరు తెరిచి రొప్పుతుంటే అది ఆకలి కాదు, వేడెక్కువైంది.

ఒళ్లు వెచ్చబడ్డాక డబ్బా మీద వేలితో తట్టండి. నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తిండి అప్పుడు పెట్టండి, అదీ చిటికెడు. రెట్ట వేశాక మళ్లీ పెట్టండి. పగలు అరగంటకోసారి మేపాలి, రాత్రి అక్కర్లేదు. పాలు, బ్రెడ్డు వద్దు. నోట్లో నీటి చుక్కలు అసలే వద్దు, నాలుక వెనకే గాలి గొట్టం కన్నం ఉంటుంది.

వెచ్చగా ఉండి కూడా నోరు తెరవకపోతే అది పావురం పిల్లేమో చూడండి. పొడుగు ముక్కు, పల్చటి పసుపు నూగు ఉంటాయి. అది నోరు తెరవదు, తల్లి నోట్లోకే ముక్కు దూర్చి తాగుతుంది. దాని మేత వేరు, తెలిసినవాళ్లకి ఇవ్వండి.

పిల్లి నోట్లోంచి లాగిందైతే గాయం కనపడకపోయినా అదే రోజు పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, యాంటీబయాటిక్ పడాలి. రెక్క విరిగినా అంతే. రామచిలుక పిల్లయితే మచ్చిక చేసుకుందామనుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పెంచడం నేరం. అటవీ శాఖకి ఫోన్ చేయండి, వాళ్లొచ్చేదాకా సీసా చల్లారకుండా చూసుకోండి.