కొండ అంచు నడక – 3వ పాఠం: పలకల మీద చూపు, అడుగు

టికెట్లు, బూట్లు, దగ్గరి పెద్ద ఊరు మాలగ నుంచి రైలు సంగతులు కిందటి పాఠంతో అయిపోయాయి. ఇక స్పెయిన్‌లోని కమినీతో దెల్ రే అనే కొండ అంచు దారి మీద కాలు పెడదాం. మొత్తం 7.7 కిలోమీటర్ల దారిలో కొండ గోడకు బిగించిన చెక్క పలకల బాట సుమారు 1.5 కిలోమీటర్లే. వెడల్పు దాదాపు మీటరు. కింద నది సుమారు 100 మీటర్ల లోతున ఉంటుంది. ఉత్తరాన అర్దాలెస్ వైపు మొదలుపెట్టి దక్షిణాన ఎల్ చొర్రోలో బయటికి రావాలి. ఎదురు నడక లేదు. ఎక్కువ భాగం దిగుడే కాబట్టి అలిపిరి మెట్లెక్కిన కాళ్లకు ఇదొక లెక్క కాదు. ఇక్కడ పరీక్షంతా కళ్లకే.

ముందు హెల్మెట్. ప్రవేశం దగ్గర వాళ్లే ఇస్తారు, చివరిదాకా తీయకూడదు. అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. వెనక చక్రం బిగించి, గడ్డం పట్టీ పెట్టకముందే తల అటూ ఇటూ ఊపి చూడండి, జారకూడదు. కొప్పు ఉంటే హెల్మెట్ వంకరగా కూర్చుంటుంది. మెడ దగ్గర నుంచి జడ వేసుకోవడం మేలు. చున్నీ సంచిలో పెట్టేయండి. పలకల బాట మీద మరుగుదొడ్లు లేవు, ఆ పని ముందే చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం: కళ్లు ఎందుకు తిరుగుతాయి? కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా ఒళ్లు కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. దగ్గర్లో గోడో స్తంభమో ఉంటే ఆ ఊపు కంటికి తెలుస్తుంది, కాళ్లు వెంటనే సర్దుకుంటాయి. లోయ అంచున చూపుకు దొరికేదంతా దూరంగా ఉంటుంది. మనం ఊగినా అది కదిలినట్టు కనిపించదు. చెవి లోపలి భాగం ఊగుతున్నావని చెబుతుంది, కన్ను లేదంటుంది. దాంతో ఊపు పెరుగుతుంది. భయానికి మోకాళ్లు బిగుసుకుంటే ఇంకా పెరుగుతుంది.

అందుకే చూపును రెండు మూడు మీటర్ల ముందున్న పలక మీదో, పక్కన రాతి గోడ మీదో నిలపండి. పలకల మధ్య సందుల్లోకి చూస్తూ నడవద్దు. గోడ వైపున్న ఉక్కు తీగను వేళ్లతో తాకితే చాలు, గట్టిగా పట్టుకోనక్కర్లేదు. ఆ కొద్దిపాటి తాకిడి కన్ను ఇవ్వలేని కబురును చేతి ద్వారా అందిస్తుంది. మోకాళ్లు కాస్త వదులుగా, అడుగులు చిన్నవిగా ఉండాలి. భయం ఎక్కువైతే వీపు గోడకు ఆనించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వెనకవాళ్లు దాటిపోతారు.

లోయ చూడాలనుకుంటే ఆగి చూడండి. ఫోటోలూ అంతే. పైన రాబందులు తిరుగుతుంటాయి. వాటికోసం తల వెనక్కి వాల్చినప్పుడు తూలడం మరీ ఎక్కువ. ముందు తీగ పట్టుకుని, ఆ తర్వాత తలెత్తండి.

ఓపికను రెండు వాయిదాల్లో ఖర్చుపెట్టాలి. మొదటి ఇరుకు లోయ గైతానెహో దాటాక మట్టిదారి, చెట్ల నీడ వస్తాయి. నీళ్లు తాగడానికి, లేసులు మళ్లీ కట్టడానికి అదే చోటు. బూటు మడమ దగ్గర వదులైతే దిగుడులో వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నలుగుతాయి. తర్వాత వచ్చేది రెండో ఇరుకు లోయ గైతానెస్, అసలైన ఎత్తు అక్కడే. అద్దం నేల ఉన్న బాల్కనీ నచ్చకపోతే వదిలేయండి, దారి దాని మీదుగా పోదు. చివర్లో 35 మీటర్ల వేలాడే వంతెనను మాత్రం దాటక తప్పదు. లోయలో గాలి అక్కడ జోరుగా తగులుతుంది. టోపీ ఉంటే లోపల పెట్టండి. ముందువాళ్ల అడుగుతో మన అడుగు కలిస్తే వంతెన ఊపు పెరుగుతుంది, కావాలనే లయ తప్పించండి. చూపు అవతలి గట్టు స్తంభం మీద ఉండాలి.

వచ్చే పాఠం లోపు అభ్యాసం: గోడ పక్కన, ఒక మనిషిని తోడు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద 20 సెకన్లు నిలబడండి. తర్వాత ఒక్క వేలు గోడకు తాకించి అదే చేయండి. తేడా తెలిశాక, రోజూ నాలుగు అంతస్తుల మెట్లు చేతికమ్మీని వేలితో మాత్రమే తాకుతూ దిగండి.